శనివారం ఆరు గంటల వంతు

“ఈ నంబరు నీ ఫోనుదే కదరా ఎస్కో! ఒప్పుకో,” అంటూ మా భవనం సంఘం అధ్యక్షుడు ఆర్వో ఒక కాగితాన్ని నా ముఖం ముందు ఆడించాడు. “శనివారం ఆరింటి సౌనా ఆవిరిస్నానం వంతు ముప్ఫై ఏళ్లుగా హిల్కాది. గురువారం పొద్దున ఎవరో ఈ కంప్యూటర్లోని వంతుల జాబితాలోంచి దాన్ని తీసేశారు. సోమవారం మీటింగులో ఈ భవనంలో నీ ఉద్యోగం సంగతి తేలుస్తాను.”

తువ్వాలూ, సౌనాలో ఒంటిని తట్టుకునే బర్చి చెట్టు కొమ్మల కట్టా పట్టుకుని హిల్కా మేమున్న సెల్లారు గది గుమ్మంలో నిలబడి ఉంది.

కాగితం మీద, ఆ పని ఏ యంత్రంలోంచి జరిగిందో చెప్పే చోట, 127.0.0.1 అని ఉంది. బడి మధ్యలో మానేసినా, నేను పన్నెండేళ్లు కంప్యూటర్ కేబుళ్లు లాగినవాణ్ణి.

“ఇది ఎవరి ఫోనుదీ కాదు. ఏ కంప్యూటరైనా తనను తాను పిలుచుకునే నంబరు. మీ ఇంట్లో దానికీ ఇదే. ఫోన్లోంచి చేస్తే వేరే నంబరు పడేది. ఇది పడిందంటే, ఎవరో ఈ కుర్చీలో కూర్చునే తీసేశారు.”

“అబద్ధం! ఈ గదికి ఉన్నది ఒక్కటే తాళంచెవి. అది నా మెడలోనే...”

అని ఆగిపోయాడు.

“మరి చెప్పండి పెద్దమనిషీ, ఆ వంతు ఎవరికి కట్టబెడదామనుకున్నారు?” అన్నాను కసిగా.

“గురువారం నేనసలు కిందికే రాలేదు.”

“వచ్చావు ఆర్వో,” అంది హిల్కా మెల్లగా. “ఈ తలుపు వేస్తూ కనబడ్డావు. పలకరిస్తే ‘ఎవరమ్మా మీరు?’ అన్నావు. వేళాకోళం అనుకున్నాను.”

“నాకేం గుర్తులేదు.” ఆర్వో మెడలోంచి తాళంచెవి తీశాడు. దానివంక కాసేపు చూసి, నా చేతిలో పెట్టాడు.