యంత్రం చెప్పని రుచి

చెవిలో పెట్టుకునే అనువాద యంత్రాలు ఇంటింటికీ వచ్చాక ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లే కరువయ్యారు. నరసాపురంలో భ్రమరాంబ మాత్రం ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కోడలు మారిసెల్ దగ్గర పట్టుబట్టి నేర్చుకోసాగింది. యంత్రం ప్రతి మాటకూ పంచదార అద్ది చెబుతోందని ఆమె అనుమానం.

చదువంతా వంటింట్లో ఆటే. ఒకరు రెండు వస్తువులు చూపిస్తే రెండోవాళ్లు పోల్చి చెప్పాలి. తప్పు చెబితే ఉల్లిపాయలు తరగాలి. భ్రమరాంబ వంకాయలు చూసి "బిగ్గర్" అంది. మిరపకాయలు కొరికి "హాటర్" అంటూ చెంబెడు నీళ్లు తాగింది.

అడిగే వంతు తనకు రాగానే ఇద్దరి యంత్రాలూ తీయించి, చేపల పులుసు గిన్నెలు రెండు ముందు పెట్టింది.

"మై పులుసు, యువర్ పులుసు. సే!"

మారిసెల్ రెండూ రుచి చూసి తల దించుకుంది. "యువర్స్... సాల్టియర్," అంది.

కోడలు కాపురానికి వచ్చిన నాటి నుంచీ యంత్రంలో "అమృతం అత్తయ్యా" అనే వింటున్న భ్రమరాంబ ముఖం మాడిపోయింది. కోడలి పులుసు రుచి చూసి, ఆ వెంటనే తన పులుసు గరిటెతో నోట్లో వేసుకుంది. ఉప్పు కషాయం.

"ఇన్నాళ్లూ ఇదెలా తిన్నావే నా తల్లీ!" అంటూ కోడలి పులుసే ఇద్దరికీ వడ్డించింది.

ఆ మాటలు మారిసెల్‌కు అర్థం కాలేదు. అయినా యంత్రం కోసం చెయ్యి చాచలేదు.