చల్లగాలి కంప్లయింటు

ఆ పొద్దున కార్ల షెడ్డుకి మెకానిక్ భార్యే కస్టమరుగా వచ్చింది. ఏడో నంబరు టోకెను తీసుకుని బెంచీ మీద కూర్చుంది.

"ఇంట్లో చెప్పొచ్చుగా," అన్నాడతను గొంతు తగ్గించి.

"చెప్పాను. ఊ కొట్టారు. కార్డు రాయండి."

చుట్టూ జనం ఉన్నారు. చేసేదిలేక జాబ్ కార్డు తీసి, అందరినీ అడిగినట్టే అడిగాడు.

"సమస్య ఏంటండీ?"

"హీటరు వేస్తే చల్లగాలి కొడుతోంది."

"ఎప్పట్నుంచి?"

"చలి మొదలైన దగ్గర్నుంచి. చేతులు కొంకర్లు పోతున్నాయి. మొన్న దార్లో కారాపుకుని ఏడ్చాను."

అతను అదీ రాసుకున్నాడు. పెళ్లయ్యాక ఆమె చెప్పింది అతను రాసుకోవడం అదే మొదలు.

బానెట్ ఎత్తి చూశాడు. ఇంజన్ని చల్లబరిచే కూలెంటు నిండుగానే ఉంది. ఇంజను వేడెక్కాక హీటరు గొట్టాలు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. అంటే వేడి లోపలిదాకా వస్తోంది, అడ్డు అక్కడెక్కడో ఉంది. డాష్‌బోర్డు కిందకి దూరి టార్చి వేశాడు. వేడిగాలిని వదిలే చిన్న తలుపు మూసుకుపోయి ఉంది. దాని మీటలో ఒక తలపిన్ను గట్టిగా దోపి ఉంది.

పిన్ను లాగగానే వెచ్చటి గాలి అతని మొహానికి కొట్టింది.

"ఇదిక్కడికెలా వచ్చిందో," అన్నాడు పిన్ను చూపిస్తూ.

ఆమె అందుకుని, ముడిలో ఖాళీగా ఉన్న చోట గుచ్చుకుంది.

"ఇంకేమైనా కంప్లయింట్లు ఉన్నాయాండీ?" అలవాటు కొద్దీ అడిగాడు.

ఆమె బెంచీ దగ్గరికి లాక్కుంది.

"ఉన్నాయి. కార్డు వెనక్కి తిప్పండి. కారువి అయిపోయాయి."