పంటి తొడుగు

"నోరు తెరు" అంది బుచ్చమ్మ, డాక్టరమ్మ అడక్కముందే.

రజని తెరిచింది. జలంత్రకోట నుంచి కాశీబుగ్గ పళ్ళ ఆసుపత్రి దాకా అత్త ఒకపక్క, మొగుడు యువరాజు ఒకపక్క కూర్చుని దొంగని తెచ్చినట్టు తెచ్చారు ఆమెని. ఇప్పుడు కుర్చీలో వెల్లకిలా పడుకోబెట్టి మొహం మీదికి లైటు తిప్పారు.

బుచ్చమ్మ తన గోడు మొత్తం డాక్టరు సుభద్రకి ఏకబిగిన చెప్పేసింది. కోడలు నిద్రలో పళ్ళు కొరుకుతుంది. వసారాలో పడుకున్న తనకి ఆ కరకర తెల్లవార్లూ వినిపిస్తుంది. పళ్ళు కొరికే ఆడది ఇంట్లో పెద్దల్ని మింగేస్తుందని తమ ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. అలాగే అయింది, పెళ్ళయిన మూడో నెలలో మామగారు కిడ్నీలు పోయి చచ్చిపోయాడు. ఉద్దానంలో కిడ్నీలు పోయి చచ్చినవాళ్ళని లెక్కపెడితే ఇంటికో పళ్ళు కొరికే కోడలు ఉండాలి. కానీ ఆ మాట బుచ్చమ్మతో అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. దినకర్మ కాకముందే ఆవిడ ఊరంతా చాటింది. అప్పట్నుంచి రజని బిందె పట్టుకుని బోరు దగ్గరికి వెళితే చాలు, ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని పక్కకి తప్పుకుంటున్నారు.

"పళ్ళకి ఏదో తొడుగుంటాదట కదా డాట్రమ్మా, అది పెట్టండి. ఆగిందా, ఇంట్లో ఉంటాది. ఆగనేదా, సంతబొమ్మాళి బస్సెక్కించీసి కన్నోరింటికి అంపీడమే."

డాక్టరు సొరుగు లాగి రెండు నమూనాలు ట్రేలో పెట్టింది. ఒకటి గాజులా తేటగా ఉంది, ఇంకోటి ఎర్రగా ఉంది. తేటది పెట్టుకుంటే ఎదుటివాళ్ళకి తెలియనే తెలియదట. ఎర్రది ఆటలాడేవాళ్ళు ముచ్చటపడి తీసుకుంటారట, నోరు తెరిస్తే ఆమడ దూరానికి కనబడుతుంది. రెండూ చేసే పని మాత్రం ఒకటే. రజని తెరిచిన నోటితో మాట్లాడలేక తేటదానివైపు వేలు చూపింది. ఊళ్ళో ఇంకెవరి కంటా పడకుండా బతికితే చాలనుకుంది పాపం.

యువరాజు తలుపు దగ్గర నిలబడ్డాడు. తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని, గోడమీది పళ్ళ బొమ్మ చూస్తున్నాడు.

డాక్టరు చిన్న అద్దం పెట్టి కిందా పైనా చూసింది. ఇంకోసారి చూసింది.

"పళ్ళు కొరికితే అంచులు అరగాలమ్మా. ఈ పిల్ల పళ్ళు కొత్తవాటిలా ఉన్నాయి. ఈమె కొరకదు."

"నా సెవులతో ఇన్నాను!"

"విన్నారు, కాదనను. ఆ గదిలో ఇంకెవరు పడుకుంటారు?"

బుచ్చమ్మ కొడుకు వైపు చూసింది. డాక్టరు అతన్ని పిలిచి, తువ్వాలు తీయించి, నోట్లోకి లైటు వేసింది. వెనక పళ్ళు తిరగలి రాయిలా చదునుగా అరిగిపోయి ఉన్నాయి. ఇది నిన్నా మొన్నటి అరుగుదల కాదనీ, చిన్నప్పట్నుంచీ కొరుకుతున్నాడనీ చెప్పింది.

రజనికి ఇది పెళ్ళయిన మూడో రోజునే తెలిసిపోయింది. మామగారు పోయి తన మీద నింద పడ్డప్పుడు మొగుణ్ణి నిలదీసింది. అతను ఆమె రెండు చేతులూ పట్టుకుని, అమ్మకి సమయం చూసి తానే చెబుతాననీ, అందాకా నోరెత్తొద్దనీ బతిమాలాడు. ఆ ఒక్క మాట నమ్ముకుని ఐదు నెలలు అన్నీ పడింది. ఇప్పుడు అతను చెప్పకుండానే బయటపడింది. గుండెల మీంచి బండ దింపినట్టయి, కుర్చీలో పడుకునే ఏడ్చింది.

బుచ్చమ్మ మెల్లిగా స్టూలు మీద కూలబడింది.

"సిన్నప్పుడు కొరికీవోడు. నులిపురుగుల మందు పోసినాం. పోయిందనుకున్నాను" అంది, ఎవరితోనో తెలియకుండా. పళ్ళు కొరికినవాళ్ళే పెద్దల్ని మింగుతారన్నది ఆవిడ నోటిమాటే. ఆ లెక్కన తండ్రిని మింగింది ఎవరో ఆవిడకి అర్థమైనట్టుంది, మొహం నల్లబడిపోయింది.

కాసేపటికి లేచి వచ్చి కోడలి నుదుటి మీద చెయ్యి వేసింది. ఎనిమిది నెలల్లో అదే మొదటిసారి.

"పాపం కట్టుకున్నానే అమ్మా. ఊరందరికీ నీ పేరే సెప్పీసినాను. ఇప్పుడు ఏ మొకం పెట్టుకుని ఆళ్ళకి నిజం సెప్పాల?"

రజని కళ్ళు తుడుచుకుని మొగుడి వైపు చూసింది. తానే చెబుతానన్న మనిషి కదా, ఊరికైనా చెబుతాడని చూసింది.

యువరాజు ట్రే దగ్గరికి వచ్చాడు. రెండు తొడుగుల్నీ చేతిలోకి తీసుకుని, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాకీ కనబడనిది సేసీయండి డాట్రమ్మా. దీనికి ఎర్రది సేసీయండి, బోరు కాడికి ఎల్లినప్పుడు కూడా పెట్టుకుంటాది."