నీళ్ళ కోసం బావికి

"ముందు పక్కగదిలోంచి నిఘంటువు పట్రావోయ్," అన్నాడు లెక్చరరు, భార్య ఒకేలాంటి రెండు టీ కప్పులూ బల్లమీద పెట్టిందో లేదో.

నెల రోజులుగా ఇదే వరస. మంచం పట్టిన మనిషికి టీ రాగానే ఏదో ఒకటి గుర్తొస్తుంది. కళ్ళజోడో, పెన్నో, పుస్తకమో. ఆమె విసుక్కోకుండా తెచ్చి, ఆయన కప్పు ఖాళీ అయ్యేదాకా పక్కనే కూర్చుని, చెప్పింది చెప్పినట్టు రాసిపెడుతుంది. ముప్పయ్యేళ్ళుగా ఆయన వ్యాసాలన్నీ ఆమె చేతిరాతే. పుస్తకాల మీద మాత్రం ఆమె పేరు ఎక్కడా లేదు.

ఆయన బుగ్గలకు ఇప్పుడిప్పుడే రంగు వస్తోంది. ఆమే చిక్కి సగమైంది. "ఆయన్ని చూసుకుంటూ మిమ్మల్ని మీరు మర్చిపోతున్నారు," అని డాక్టరు నిన్న కోప్పడ్డాడు కూడా.

వ్యాసం ఇవాళ ముగించాలి. నూరేళ్ళనాటి అమెరికన్ కథ మీద. పొలం మధ్య ఇంట్లో జబ్బుపడ్డ భర్త, సేవ చేసే భార్య. చివర్లో భార్య చనిపోతుంది. భర్త లేచి వెళ్ళి కోళ్ళకు గింజలు వేస్తాడు.

"విమర్శకులంతా త్యాగం, త్యాగం అని ఊదరగొట్టారు," అన్నాడాయన. "నువ్వు రాయి. ఆమె అతని సూపులో రోజూ విషం కలిపేది."

పెన్ను ఆగింది. "కథలో ఎక్కడుందండీ అలాగని?"

"అతని గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆమె అక్కణ్ణించి కదలదు. ప్రేమేనంటావా?"

"పాపం, లేనిపోని నింద వేస్తారేం? విషం పెడితే ఆయన పోవాలి గానీ, ఆవిడెందుకు పోయింది?" ఆమె తన టీ గటగటా తాగేసింది.

"అదీ ప్రశ్న! నూరేళ్ళుగా ఒక్కడూ అడగలేదు." ఆయన దిండుకి ఆనుకుని హాయిగా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమెకు ఎందుకో భయమేసింది. "సూపు వడ్డించగానే అతను ఆమెను బావికి పంపుతాడు, నీళ్ళు తెమ్మని. కుండ నిండుగా ఉన్నా సరే, ప్రతిరోజూ. ఎందుకంటావ్?"

"నాకేం తెలుసు?"

"రాయి మరి. గిన్నెలు మార్చడానికి."

నిఘంటువు ఆయన ఒళ్ళో తెరవకుండానే ఉంది. ఆమె తన కప్పులోకి చూసింది.

అది అప్పటికే ఖాళీ.