గంటకో చుక్క

"చుక్కలు వెయ్యలేదని ఒప్పుకోమ్మా. నేను తిట్టను," అన్నాడు డాక్టర్ పృథ్వీరాజ్.

భాగ్యవతి ఒప్పుకోలేదు. ఆరేళ్ళ కూతురు పింకీని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వెయ్యనిదాన్నయితే కోటబొమ్మాళి అవతల నుంచి రెండు బస్సులు మారి మళ్ళీ ఎందుకొస్తానని ఎదురు అడిగింది.

పింకీకి మోకాలి వాపుతో పాటు కంటి లోపలా వాపు. పైకి కన్ను కాస్త ఎర్రగా ఉంటుంది, అంతే. లోపల కంటిపాప అతుక్కుపోతూ ఉంటుంది. వారం కిందట డాక్టర్ రెండు సీసాలు రాసిచ్చాడు. ఒకటి లేచింది మొదలు పడుకునేదాకా గంటకో చుక్క. రెండోది రోజుకు రెండుసార్లు. తప్పితే చూపు దక్కదన్నాడు.

ఆయన అనుమానానికి కారణం లేకపోలేదు. బయట వరండాలో కూర్చున్న తల్లిదండ్రుల్లో సగం మంది రెండు పూటలు వేసి, గంటగంటకీ వేశామంటారు. చదువుకున్నవాళ్ళే, శ్రీకాకుళంలో మేడలున్నవాళ్ళే. ఇక నాట్లకెళ్ళే మనిషి వేస్తుందా? అందుకే కన్ను చూడకముందే విశాఖ ఆస్పత్రికి కాగితం రాసి పెట్టుకున్నాడు. నెల రోజులు పిల్లతో అక్కడే ఉండాలి. నాట్ల కాలంలో నెల పోతే ఆ ఇంటికి ఏడాది పోయినట్టే.

"నువ్వు పొలంలో ఉంటే ఎవరు వేశారు?"

"మాయత్త."

"ఎంత వయసు?"

"డెబ్బై దాటినాయి బాబూ."

"చదువొచ్చా?"

"రాదు."

డాక్టర్ నవ్వాడు. ఆ నవ్వు భాగ్యవతికి కొత్త కాదు. రేషన్ కార్డు కోసం వెళ్ళినప్పుడు చూసింది, బ్యాంకులో చూసింది.

సంచిలోంచి సీసాలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకదాని మెడకు దారంతో ఒక ముడి, రెండోదానికి రెండు ముళ్ళు. ఏది ఏదో తెలియడానికి అత్తే కట్టుకుందట. గంట తెలియడానికి భాగ్యవతి మొగుడు సెల్లులో కోడికూత పెట్టాడట. "పగలంతా మా ఇంట్లో కోడి కూస్తన్నాది. ఈదిలోవోళ్ళు తిడతన్నారు," అంది.

డాక్టర్ పింకీ గడ్డం యంత్రం మీద ఆనించి చూశాడు. వారం కిందటి కాగితం తీసి చదివాడు. మళ్ళీ చూశాడు. లోపలి వాపు చాలావరకు తగ్గింది. అతుక్కున్న కంటిపాప విడి, గుండ్రంగా తెరుచుకుంది.

ఈసారి పింకీనే అడిగాడు, చుక్క బుగ్గ మీదికి జారిపోదా అని.

"జారదు. మామ్మ ఏలితో కిందరెప్ప లాగుతాది, సంచిలాగ. అందులో ఒక్కటే ఏస్తాది. ముక్కు పక్కన నొక్కి వందదాకా లెక్కెడతాది. నాను కదిలితే మళ్ళీ ఒకటికాడ్నుంచీ."

మా నర్సులకు కూడా ఇంత ఓపిక లేదన్నాడు డాక్టర్. విశాఖ కాగితం రెండు ముక్కలు చేశాడు. ఆవిడ ఎక్కడున్నారని అడిగాడు. 'ఆయన నా మాట నమ్మకపోతే నువ్వే చెబుదువుగాని' అని భాగ్యవతి పొద్దున్నే అత్తను వెంట తెచ్చింది. ఆస్పత్రి మెట్ల మీద కూర్చోబెట్టి లోపలికొచ్చింది. ఇప్పుడు పింకీ కుంటుకుంటూ ఆవిడను తీసుకురావడానికి వెళ్ళింది.

డాక్టర్ వరండాలోకి వచ్చి అందరినీ లేపాడు. రోజుకు పద్నాలుగు లెక్కన వారంలో తొంభై ఎనిమిది చుక్కలు, ఒక్కటీ తప్పలేదు, ఒక్కటీ జారలేదు, ఆవిడ చేతిని చూసి నేర్చుకోండి అన్నాడు. మేడలున్నవాళ్ళు తలలు దించుకున్నారు. భాగ్యవతి ఆయన పక్కనే తల ఎత్తుకు నిలబడింది.

"మాయత్త నేర్పుతాది. ఎవలికైనా నేర్పుతాది," అంది.

గుమ్మం దగ్గర పింకీ ఆగి వెనక్కి తిరిగింది. "గడప ఉన్నాది మామ్మా, కాలెత్తు," అంది.

మనవరాలు ముందు పట్టుకు నడిపిస్తున్న కర్రకు రెండో కొస పట్టుకుని, నిటారుగా గడప దాటి వచ్చిన లక్ష్మీనరసమ్మకు పింకీ వయసులోనే రెండు కళ్ళూ పోయాయి.