అరచేతి పరీక్ష

పరారుణ కిరణాలను కొలిచే ఆ పాత సెన్సారుకి నాలుగు తీగలు. రంగులు వెలిసిపోయాయి. ఏది ఎక్కడ కలపాలో చెప్పేవాళ్ళూ లేరు. మెకానిక్‌కి మాత్రం ఒక కిటుకు తెలుసు. దాని మూత మీద అరచెయ్యి ఆనిస్తే, ఒంటి వేడికి మీటరులో అంకె పెరగాలి. తగ్గిందంటే తీగలు తారుమారైనట్టే.

బల్ల మీదే తన చెయ్యి పెట్టి చూశాడు. పెరిగింది. కనెక్టరు గట్టిగా బిగించి, కప్పు మీద బిగించమని పొడుగాటి కేబులుతో సహా సెన్సారుని బావ చేతికిచ్చాడు.

"వచ్చి నిచ్చెన పట్టుకోరా. నేను పడితే మీ అక్క నిన్ను ఉతికి ఆరేస్తుంది" అన్నాడు బావ.

"మరి మీటరెవరు చూస్తారు? ఏం కాదులే బావా, ఎక్కెయ్."

కాసేపటికి బయట బస్తా పడ్డట్టు దబ్బుమని చప్పుడైంది.

"బావా!"

"ఏం కాలేదురా బామ్మర్దీ." గొంతు కప్పు మీంచే వచ్చింది. "బిగించేశా. చెయ్యి పెట్టనా?"

"పెట్టు."

అంకె తగ్గింది.

కనెక్టరు విప్పి చూశాడు. తీగలు సరిగ్గానే ఉన్నాయి. మళ్ళీ బిగించాడు.

"ఒకసారి తియ్యి బావా."

పెరిగింది.

"ఇప్పుడు పెట్టు."

మళ్ళీ తగ్గింది. పైనున్న ఖాళీ ఆకాశం కన్నా చల్లగా ఉంది ఆ చెయ్యి.

మెకానిక్ కిటికీ తెరిచి బయటి చీకట్లోకి టార్చి వేశాడు. నిచ్చెన నేల మీద పడి ఉంది. దాని మెట్ల మధ్య నుంచి బావ బూటు ఒకటి, కాలితో సహా, కదలకుండా కనిపించింది.

"వేళ్ళు కొంకర్లు పోతున్నాయిరా" అంది కప్పు మీది గొంతు. "దిగుతున్నా. ఈసారైనా నిచ్చెన పట్టుకో."