గోడవతల మోత

“బాక్సు బంద్ చెయ్యమన్ననా, లేదా?”

కురుమయ్య గోడ మీదుగా తల పెట్టి అరిచాడు. అవతల వాకిట్లో నరేందర్ తన జీపు కడుగుతున్నాడు.

“బందే ఉంది కాకా.”

“మరి గా గుయ్‌మనుడు ఏంది? పాట బంద్ చేస్తె అయిపాయెనా? లోపల కరెంటు అట్లనే ఇడిసిపెడ్తున్నవ్. దినమంత గదే మోత!”

నరేందర్ జీపు వైపు తిరిగాడు. బకెట్లో గుడ్డ పిండుకుని అద్దం తుడవసాగాడు. కురుమయ్యకు ఒళ్లు మండిపోయింది. మనిషన్నాక అవుననో కాదనో అనాలి, ఈ మూగనోము ఏమిటి?

కొల్లాపూర్ జీపుల అడ్డా మీద ఏ జీపు కొత్తదో ఎవరూ చూడరు. ఎవరి పాటల బాక్సు గట్టిగా దద్దరిల్లితే వాళ్ల జీపు ముందు నిండుతుంది. ఆ విషయంలో నరేందర్‌కు అడ్డా మొత్తానికీ పేరు. హైదరాబాద్ నుంచి వడ్ల గంపంత బాక్సు తెచ్చి నడిమి సీటు వెనక బిగించాడు. అది మోగుతుంటే గుండెకాయ నోట్లోకి వచ్చేది.

కురుమయ్య నాగర్‌కర్నూల్‌లో ఒక విత్తనాల దుకాణంలో పనిచేస్తాడు. ఆరేళ్లపాటు రోజూ రెండు పూటలా ఆ జీపులోనే, ఆ బాక్సుకు వీపు ఆనించి తిరిగాడు. పక్కింటి పిల్లాడు మర్యాదకొద్దీ ఆ సీటు తనకోసం ఆపి ఉంచేవాడు మరి! జర తగ్గించరా అంటే, “తగ్గిస్తె పోరగాళ్లు పక్క జీపెక్కుతరు కాకా” అని నవ్వేవాడు.

ఆఖరికి చెవులు దిబ్బడ వేశాయి. దుకాణంలో రైతులు అడిగిందాన్నే రెండోసారి అడిగించుకుంటుంటే షావుకారు మొహం చిట్లించాడు. దాన్ని ఎలాగో మింగాడు. కానీ నాలుగేళ్ల మనవరాలు వర్ష ఒళ్లో కూర్చుని ఏదేదో చెప్పి, “తాత ఇంటలేడు” అని బుంగమూతి పెట్టి దిగి పోయిన రోజు మాత్రం తట్టుకోలేకపోయాడు. ఆ రోజే చెవుల డాక్టరు దగ్గరికి పోయాడు.

“పక్కనున్న మనిషితో మాట్లాడడానికి గొంతు లేపాల్సి వచ్చిందంటే ఆ మోత చెవికి విషమే” అన్నాడు డాక్టరు. “దాని పక్కన కూర్చోవద్దు. తప్పదంటే చెవులు మూసుకో. పోయిన వినికిడి తిరిగి రాదు, ఉన్నది కాపాడుకో.” ఇంకా ఏదో చెప్పబోయాడు కానీ, కురుమయ్య అప్పటికే లేచి నిలబడ్డాడు. నరేందర్‌ను ఎక్కడ దొరికితే అక్కడ కడిగేయాలన్న తొందర మీద ఉన్నాడు.

ఆ సాయంత్రం అన్నంత పనీ చేశాడు. నలుగురిలో నిలబెట్టి నోటికొచ్చినట్టు తిట్టాడు. నరేందర్ తల వంచుకుని అన్నీ పడ్డాడు.

మర్నాటి నుంచి కురుమయ్య జీపు మానేసి బస్సెక్కాడు. చెవుల్లో దూది పెట్టాడు. పెళ్లి ఊరేగింపు ఎదురైతే సందులోకి తప్పుకున్నాడు. ఇంత చేసి ఏం లాభం? బజారులో ఉన్నంతసేపు కొంత నయం, ఇంటికొచ్చి నిమ్మళంగా కూర్చుంటే గోడవతల నుంచి ఆ దిక్కుమాలిన మోత. పైగా ఈ మధ్య జీపు మధ్యాహ్నానికే ఇంటికొచ్చి పడి ఉంటోంది. దాంట్లో జనం ఎక్కడం లేదట. తగిన శాస్తి జరిగిందనుకున్నాడు.

నరేందర్ తల్లి ఈదమ్మకు చెప్పి చూశాడు. “ఏం మోత మర్దీ? నాకేం ఇనవడ్తలేదు” అంది ఆమె. కొడుకును ఏ తల్లి తప్పు పడుతుంది!

భార్య వెంకటమ్మను అడిగితే ఆమెదీ అదే మాట. “నువ్వు గూడ వాళ్ల దిక్కేనా?” అని కసిరాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని పొయ్యి దగ్గరికి పోయింది.

వాడకట్టు పెద్దమనిషి బాలయ్యను పిలుచుకొచ్చాడు. ఆయన గోడ పక్కన చాలాసేపు నిలబడ్డాడు. కురుమయ్య మొహంలోకి ఒకసారి చూశాడు. తీర్పేమీ చెప్పకుండానే చెప్పులు వేసుకుని పోయాడు. ఊరంతా ఒక్కటైంది, తన గోడు వినేవాడే లేడు. రెండు నెలలు పళ్లు బిగబట్టి భరించాడు.

ఈ ఆదివారం మాత్రం ఓపిక నశించింది. నరేందర్‌ను కేకలేసి వచ్చి కూర్చున్నాడో లేదో, వర్ష ఒళ్లోకి ఎక్కి బడిలో నేర్చుకున్న పాట మొదలుపెట్టింది. చెవుల్లో దూది తీసి పారేశాడు. పిల్ల పెదవులు కదులుతున్నాయి. మధ్యలో గుయ్‌మని అదే మోత. పాటలో ఒక్క ముక్క చెవికి ఎక్కితే ఒట్టు.

పిల్లను దించి, పట్టుకారు తీసుకుని విసవిసా పక్కింటి వాకిట్లోకి నడిచాడు.

“వైర్లు కోసి పారేస్త! ఎవడు అడ్డమొస్తడో చూస్త!”

నరేందర్ ఎదురొచ్చాడు. “వద్దు కాకా. నా మాటిను.”

“నీ మాట ఇనే గదరా నా చెవులు గిట్లయింది!”

వెంకటమ్మ పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. “రావయ్యా, ఇంటికి పోదాం” అని వెనక్కి లాగింది. కురుమయ్య విదిలించుకున్నాడు. నరేందర్ పక్కకు జరిగాడు.

కురుమయ్య జీపు వెనక తలుపు లాగాడు.

బాక్సు ఉండాల్సిన చోట బోల్టులు ఊడదీసిన నాలుగు రంధ్రాలు, వాటి చుట్టూ రెండు నెలల దుమ్ము తప్ప ఏమీ లేవు, గుయ్‌మనే మోత మాత్రం అలాగే వినబడుతోంది.